ఇంజను ఆగినను ఆగని పంపు

కొన్ని సంవత్సరముల క్రిందట విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవుచు, శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండదారి ఎక్కుచుండగా, మాకు ముందు పోవుచున్న కారొకటి మలుపులో జారి రాతిగోడకు కొట్టుకొన్నది. అది పాత అంబాసిడరు బండి. యజమాని దానికి క్రొత్త ఇంజను ఎక్కించి, రంగు వేయించి, పెండ్లికొడుకువలె తీర్చుకొన్నాడు. దెబ్బ పెద్దది కాదు. ముందుభాగము నలిగినది, లోనున్న నలుగురును బెదరి క్రిందికి దిగిరి గాని ఎవరికిని ప్రాణాపాయము లేదు. ఇంజను ఆగిపోయినది. అయినను బండి వెనుకభాగమునుండి తుమ్మెద రొదవంటి సన్నని మ్రోత వినవచ్చుచునే యుండెను. నిమిషము గడవకమునుపే పెట్రోలు వాసన గుప్పుమన్నది. బానెట్టు క్రింద గొట్టమొకటి తెగి, వేడిగానున్న ఇంజను మీదికి పెట్రోలు చిమ్ముచున్నది. చూడవచ్చినవారిలో ఒక పెద్దమనిషి వెలిగించిన చుట్టతోనే నిలుచుండెను! డ్రైవరు పరుగున పోయి తాళపుచెవి త్రిప్పిన పిమ్మటగాని ఆ మ్రోత ఆగలేదు.

ఆ డ్రైవరుకు స్పృహ తప్పియుండినచో తాళపుచెవి త్రిప్పువారెవరు? ఆనాడు దారిపొడవునను నన్ను వెంటాడిన ప్రశ్న ఇది. దీనికి సమాధానము ఒక చిన్న స్విచ్చి, ఒక రిలే, కొన్ని గజముల తీగ. ఖరీదు ఎక్కువ కాదు. పాతబండిని ముద్దుగా బాగుచేయించుకొనువారు చక్రములకు పెట్టు సొమ్ములో ఇది ఏ మూలకును రాదు.

ముందుగా పాత ఏర్పాటు ఎట్టిదో చెప్పవలెను. అంబాసిడరువంటి పెట్రోలు బండ్లలో పంపు ఇంజను ప్రక్కనే బిగింపబడి యుండెడిది. ఇంజనులోని క్యాము షాఫ్టు తిరిగినపుడెల్ల ఒక మీట ఆడును. ఆ మీట ఒక పలుచని పొరను పైకి క్రిందికి లాగును. ఆ లాగుడుకు వెనుకనున్న టాంకునుండి పెట్రోలు వచ్చి కార్బురేటరులో పడును. ఇంజను తిరిగినంతసేపే పంపు ఆడును. ఇంజను ఆగెనా, పంపును ఆగెను. ఈ రక్షణకొరకు ఎవరును ప్రత్యేకముగా తలబద్దలు కొట్టుకొనలేదు. యంత్రముయొక్క నిర్మాణములోనే అది ఇమిడి యుండెను.

నేటి ఇంజనుల సంగతి వేరు. కార్బురేటరుకు చదరపు అంగుళమునకు 3 మొదలు 6 పౌనుల ఒత్తిడి చాలును. పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ము ఇంజెక్షను ఇంజనులకు 45 పౌనులును, అంతకు మించియు కావలెను. అంత ఒత్తిడిని విద్యుత్పంపుచేతనే పుట్టించుచున్నారు. ఆ పంపును టాంకులోనో, టాంకు ప్రక్కనో అమర్చి బ్యాటరీతో నడిపింతురు. 2014లో అంబాసిడరు తయారీ నిలిచిపోయినది. మిగిలిన బండ్లకు పాత ఇంజను సామాను దొరకుట నానాటికి కష్టమగుచున్నది. అందుచేత గాజువాక ఆటోనగరువంటి చోట్ల నేర్పరులైన మేస్త్రీలు పాతబండ్లకు క్రొత్త ఇంజనులు ఎక్కించుచున్నారు. వారి చేతిపనిని నేను తక్కువ చేయుటలేదు. అయితే ఇంజనుతోబాటు పంపును మారినపుడు, పాత పంపులో ఊరకనే లభించిన ఆ రక్షణ మాయమై పోవుచున్నది. దానిని మరల మనము చేతులార కల్పించుకొనవలెను. ఈ మాట చాలమందికి తోచదు.

ఇంటి ఉదాహరణ చెప్పెదను. మీ ఇంటి బావిలోని మోటారు మిద్దెమీది తొట్టికి నీరెక్కించుచుండగా నడుమ గొట్టము పగిలినదనుకొనుడు. మోటారునకు ఆ సంగతి తెలియునా? తెలియదు. ఎవరో చూచి స్విచ్చి ఆపువరకు అది నీటిని గోడమీద పోయుచునే యుండును. నీరు గనుక గోడ తడియును, కరెంటు బిల్లు పెరుగును, అంతే. ఇక్కడ పోయునది పెట్రోలు. చిన్న కారులోని ఇంజెక్షను పంపు గంటకు సుమారు 100 లీటర్లు తోడగలదు. అనగా నిమిషమునకు లీటరున్నరకు పైమాట. మూడు నిమిషములు ఎవరును గమనింపకున్నచో ఐదు లీటర్ల నూనెడబ్బా ఒకటి ఇంజనుమీద కుమ్మరించినట్లే.

పెట్రోలు గుణమును తెలిసియుండవలెను. సున్నకు దిగువ 40 డిగ్రీల సెంటీగ్రేడు చలిలోగూడ అది నిప్పురవ్వకు అంటుకొనునంత ఆవిరిని విడుచును. మన వేసవి సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పైకెగిరి పోక, నేలబారున ప్రాకుచు పల్లములో చేరును. అట్లు ప్రాకి ప్రాకి ఎక్కడో ఉన్న నిప్పును కలిసికొని, అక్కడినుండి వెనుకకు అంటుకొని వచ్చును. బరువైన ఆవిరి ఏమి చేయగలదో విశాఖవాసులకు వేరుగా చెప్పవలసిన పనిలేదు. 1997 సెప్టెంబరు 14వ తేదీన ఇచ్చటి చమురుశుద్ధి కర్మాగారములో, ఓడనుండి నిల్వ టాంకునకు వంటగ్యాసును ఎక్కించు సమయమున గ్యాసు వెలువడి అంటుకొని, సుమారు 60 మంది మరణించిరి. దానికిని కారులోని గొట్టమునకును పోలికే లేదందురేమో. పరిమాణములో లేదు, ఆవిరి నడచు రీతిలో మాత్రము ఉన్నది.

ఇక ఉపాయము. ఉక్కునగరములో పనిచేయువారు మీ ఇంట నుండినచో వారినే అడుగుడు. బొగ్గును, ఖనిజమును మోసికొనిపోవు పొడవైన కన్వేయరు బెల్టుల ప్రక్క ఒక తాడు కట్టియుండును. ఎవరికైనను ఆపద కలిగినచో, ఎక్కడనుండియైనను ఆ తాడును లాగినంతనే బెల్టు ఆగిపోవును. ఓడరేవులోని కన్వేయరులకును అట్టిదే ఏర్పాటు. ఆ తాడు చివరనున్న స్విచ్చిలో చూడదగిన విశేషమొకటి కలదు. మామూలువేళ దాని కొనలు కలిసియే యుండును. కరెంటు దానిగుండా ప్రవహించుచునే యుండును. తాడు లాగినపుడు కొనలు విడిపోవును. అందుచేత స్విచ్చికి పోవు తీగ ఎలుక కొరికి తెగినను, తుప్పుపట్టి విడిపోయినను బెల్టు ఆగిపోవునే గాని, ఆపుటకు వీలులేక పరుగెత్తుచుండదు. చెడిపోయినపుడు క్షేమమైన వైపునకే చెడిపోవలెనన్నమాట. కారులోని పంపునకు మనము పెట్టు స్విచ్చియు ఈ పద్ధతిననే ఉండవలెను.

ఇందుకు తగిన స్విచ్చిని జడత్వపు స్విచ్చి అనవచ్చును; మేస్త్రీలు ఇనర్షియా స్విచ్చి అందురు. ఫోర్డు కంపెనీవారు 1980ల దశకమునుండి తమ బండ్లలో దీనిని విరివిగా వాడినారు. దాని లోపలి పని చూడముచ్చటగా నుండును. గరాటువంటి చిన్న గిన్నె అడుగున ఒక ఉక్కుగుండు. దానిని పట్టియుంచుటకు క్రింద ఒక అయస్కాంతము. బండి మామూలుగా బ్రేకు వేసినను, గోతిలో పడి లేచినను అయస్కాంతము పట్టు విడువదు. బండి దేనినైనను గట్టిగా కొట్టుకొన్నపుడు మాత్రము, బండి ఆగినను గుండు తన వేగముతో ముందుకే పోగోరును. పట్టు వదలించుకొని గిన్నె అంచువెంట పైకెక్కి ఒక మీటను తన్నును. కొనలు విడిపోవును, పంపు ఆగును, స్విచ్చి నెత్తిన ఒక బొత్తాము పైకి లేచును. ఆ బొత్తామును మనిషి చేతితో నొక్కువరకు మరల కలియదు. కరెంటుగాని, కంప్యూటరుగాని దీనికి అవసరము లేదు. బడిలో చదివిన న్యూటను మొదటి సూత్రము అరచేతి పెట్టెలో కూర్చుండి కాపలా కాయుచున్నది.

ఇది నిట్టనిలువుగా, బండి ఉక్కుశరీరమునకు గట్టిగా బిగింపబడవలెను. ఇంజనుమీదగాని, రబ్బరు దిండ్లమీదగాని, పలుచని రేకుమీదగాని బిగింపరాదు. ఇంజను అదురుకు అది ఊరకే తెగుచుండును. రబ్బరుమీద నిజమైన దెబ్బను గుర్తింపదు. డ్రైవరు ప్రక్కసీటులో కూర్చున్నవారి పాదముల దగ్గర, తలుపు ముందరి గోడ మంచిచోటు. డిక్కీలో ప్రక్కగోడయు మంచిదే. చేయి పోవు చోట ఉండవలెను. కాలు తగులు చోట ఉండరాదు.

రెండవ కాపలాదారు ఆయిలు ఒత్తిడి స్విచ్చి. దెబ్బ తగలకుండగనే ఇంజను ఆగిపోవు సందర్భములు కలవు గదా! బండి మెల్లగా కాలువలోనికి ఒరిగినది, గుండు కదలలేదు. ఇంజను ఆగినది, పంపు మాత్రము తిరుగుచున్నది. ఇంజను తిరుగుటకును ఆయిలు ఒత్తిడికిని విడదీయరాని సంబంధము కలదు గనుక, ఒత్తిడి ఉన్నంతసేపే పంపునకు కరెంటు పోవునట్లు చేసినచో, పాత పంపు గుణము మనకు తిరిగి వచ్చినట్లే. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగును. డాషుబోర్డుమీది ఎర్రదీపమును వెలిగించు ఆయిలు స్విచ్చి ఇందుకు పనికిరాదు. దాని పని తలక్రిందులు; ఒత్తిడి లేనపుడు అది కలియును, ఒత్తిడి వచ్చినపుడు విడిపోవును. మనకు కావలసినది మూడు కొనల స్విచ్చి.

మూడవ కొన ఎందులకు? ఇంజను మొదట తిరుగనిదే ఒత్తిడి రాదు, పెట్రోలు రానిదే ఇంజను తిరుగదు. పెండ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కుదరదన్న చందమున్నది వ్యవహారము! అందుచేత ఒక కొనకు సెల్ఫు స్టార్టరు సొలినాయిడు మీటతీగను, ఇంకొక కొనకు ఇగ్నిషను తాళమునుండి వచ్చు తీగను కలిపి, నడిమికొనను పంపువైపునకు పంపుదురు. ఒత్తిడి లేనపుడు నడిమికొన స్టార్టరు తీగతో కలిసియుండును. కనుక సెల్ఫు త్రిప్పినంతసేపు పంపునకు కరెంటు వచ్చును. ఇంజను అందుకొని ఒత్తిడి పెరిగినంతనే నడిమికొన స్టార్టరును విడిచి తాళపుతీగను పట్టుకొనును. కొందరు రెండు కొనల స్విచ్చిని పెట్టి, స్టార్టరు తీగను నేరుగా దానికి ముడివేయుదురు. అది అపాయము. ఇంజను నడచుచుండగా కరెంటు ఆ తీగగుండా వెనుకకు పోయి స్టార్టరును పట్టియుంచవచ్చును. స్టార్టరు పండ్లు అరిగి, కాలి పోవును.

ఇంజను కంప్యూటరు ఉన్న బండికి ఈ ఆయిలు స్విచ్చి అక్కరలేదు. ఆ కంప్యూటరు తాళము త్రిప్పినపుడు రెండు మూడు సెకండ్లు పంపును నడిపి ఆపును. ఇంజను తిరుగుచున్న సంకేతము అందినపిమ్మటనే మరల నడుపును. సంకేతము పోయినచో ఆపివేయును. మరి ఘాటుదారిలో నేను చూచిన బండికి క్రొత్త ఇంజనే గదా, దాని పంపు ఏల ఆగలేదు? తరువాత తెలిసినది: ఒకప్పుడు బండి స్టార్టగుటకు మొరాయించినదట. కారణము వెదకుటకు ఓపికలేక, ఎవరో కంప్యూటరును తప్పించి పంపు తీగను నేరుగా ఇగ్నిషను తాళమునకు కలిపినారు. బండి స్టార్టయినది, అందరును సంతోషించినారు. ఆ ఒక్క తీగతో కాపలాదారు ఉద్యోగము ఊడినదని ఎవరికిని తోచలేదు.

ఇప్పుడు తీగల దారి చెప్పెదను. కాగితముపై గీసికొనువారు గీసికొనవచ్చును. బ్యాటరీ ధనధ్రువమునుండి ఒక తీగ బయలుదేరి, జానెడు దూరములోనే 15 ఆంపియర్ల ఫ్యూజును దాటి, రిలేయొక్క 30వ నంబరు కొనకు చేరును. 87వ నంబరు కొననుండి బయలుదేరి జడత్వపు స్విచ్చిగుండా పోయి పంపు ధనపుకొనకు చేరును. పంపు రెండవకొన బండి శరీరమునకు ఎర్తు. ఇది పెద్ద కరెంటు దారి. చిన్న కరెంటు దారిలో, ఆయిలు స్విచ్చి నడిమికొన రిలే 86కు పోవును. 85 ఎర్తునకు పోవును. కంప్యూటరు ఉన్నచో 85ను ఎర్తుచేయు పని దానిదే. ఐదు కొనల రిలేలో నడుమ 87ఎ అను కొన యుండును. రిలే నిద్రించునపుడు దానికి కరెంటు ఉండును. పొరపాటున పంపును దానికి కలిపినచో ఆపవలసినపుడు నడచును, నడువవలసినపుడు ఆగును. నాలుగు కొనల రిలే కొనుటయే నిశ్చింత.

జడత్వపు స్విచ్చిని రిలే చుట్టవైపు, అనగా చిన్న కరెంటు దారిలో పెట్టవలెనని కొందరందురు. కొనలు తక్కువగా అరుగును, సన్నతీగ చాలును. వారి మాటలో యుక్తి లేకపోలేదు. అయినను రిలే కొనలు ఎప్పుడైన కాలి అతుకుకొని పోయినచో చుట్టలో కరెంటు ఆగినను పంపు ఆగదు. అందుచేత పంపు కరెంటును మోయగల స్విచ్చిని కొని, పెద్ద దారిలోనే పెట్టుట మేలని నా అభిప్రాయము. అపుడు ఇద్దరు కాపలాదారులు ఒకరిపై ఒకరు ఆధారపడక వేర్వేరు గుమ్మములలో నుందురు.

తీగ లావును గూర్చి ఒక లెక్క. బ్యాటరీ ముందు, పంపు వెనుక. ధనపు దారి 5 మీటర్లు, తిరుగుదారిని గూడ తీగతోనే వేసినచో ఇంకొక 5 మీటర్లు అనుకొందము. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగ వేసి 8 ఆంపియర్లు పంపినచో దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పోవును. పంపు నీరసించును, ఎండవేళ ఎత్తు ఎక్కునపుడు ఇంజను దగ్గును, అపుడు మేస్త్రీ స్విచ్చిని నిందించి దానిని తొలగించును! 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము అరవోల్టుకు కొంచెము మించును. చుట్టవైపు సన్నతీగయే చాలును.

విశాఖలో మరొక శత్రువు గలదు, ఉప్పుగాలి. బీచిరోడ్డున నిలుచు బండి బ్యాటరీ కొనలమీద పచ్చని పొడి ఎవరు చూడలేదు? రెండు తీగలను మెలివేసి టేపు చుట్టుట ఇక్కడ ఒక్క వానకాలము గడుచునేమో. కొనలను సరియైన పనిముట్టుతో నొక్కి బిగించి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడుగవలెను. ఎర్తు పట్టు చోట రంగును రేకు మెరయువరకు గీకి, బిగించినపిమ్మట గ్రీజు పూయవలెను. రిలేను కొనలు క్రిందికి ఉండునట్లు తగిలించినచో నీరు లోనికి దిగదు. మన తీరమున పంపు చెడినదని తెచ్చిన బండ్లలో పంపు నిక్షేపముగా నుండి, ఎర్తు కుళ్ళినవి నేను చూచితిని.

పంపు ఆగినంత మాత్రమున అంతయు తీరదు. టాంకు తెగిన గొట్టముకంటె ఎత్తున నున్నచో, పంపు ఆగినను పెట్రోలు జారవచ్చును. గొట్టములును కాలమునకు తగినవి కావలెను. 2023 ఫిబ్రవరిలో ఇథనాలు 20 శాతము కలిసిన పెట్రోలు అమ్మకము మన దేశమున ప్రారంభమై, 2025 నాటికి అదియే మామూలైనది. పాతబండ్ల రబ్బరు గొట్టములు దానికి ఉబ్బి, పగులు విచ్చును. కార్బురేటరు గొట్టమును ఇంజెక్షను ఒత్తిడికి వాడుట మరియు ప్రమాదము. చట్టము మాటయు ఒకటి: 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తారుమారగునట్లు బండిని మార్చరాదు, 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనినే దృఢపరచినది. ఇంజను మార్చువారు ముందుగా రవాణాశాఖ అనుమతి పొందవలెను. ఈ స్విచ్చి పెట్టుటవలన ఆ అనుమతి అక్కర తీరదు.

దొంగలభయమున డాషుబోర్డు క్రింద రహస్యపు స్విచ్చి పెట్టించుకొనువారు కలరు. అదియు పంపునే ఆపును గనుక ఇది ఉన్నది గదా అందురు. దానిని ఆపుటకు ఒక చేయి కావలెను. ప్రమాదవేళ ఆ చేయి పని చేయునో లేదో ఎవరు చెప్పగలరు?

పని ముగిసినపిమ్మట పరీక్షింపక బండి తీసికొని రావద్దు. తాళము త్రిప్పి, ఇంజను స్టార్టు చేయక వినుడు. పంపు మ్రోగరాదు, కంప్యూటరుబండిలో రెండు మూడు సెకండ్లు మ్రోగి ఆగవలెను. ఇంజను నడచుచుండగా జడత్వపు స్విచ్చిని మరలు విప్పి, తీగలతోనే చేతబట్టి, రెండవ అరచేతికి గట్టిగా కొట్టుడు. బొత్తాము లేవవలెను, మ్రోత ఆగవలెను. ఇంజెక్షను ఇంజను కొన్ని క్షణములలో చనిపోవును. కార్బురేటరు ఇంజను వెంటనే ఆగకున్నచో కంగారు వలదు. గిన్నెలో మిగిలిన పెట్రోలు తీరువరకు నడచును. తరువాత ఆయిలు స్విచ్చికి తాళమునుండి వచ్చు తీగను ఊడబెరికి, పంపు ఆగుట చూడుడు. కడపట గతుకుల దారిలో బండిని నడపి, స్విచ్చి ఊరకే తెగుట లేదని రూఢిచేసికొనుడు. కొండమలుపులో అకారణముగా ఇంజను ఆగుటయు చిన్న ప్రమాదము కాదు. బ్రేకు, స్టీరింగు రెండును బరువెక్కును.

ఆ అంబాసిడరు యజమానితో నాకు ఆనాటి పరిచయమే స్నేహమైనది. బండి మరల బాగైనపుడు చూడరమ్మని కబురు పెట్టినాడు. కంప్యూటరు తీగ తిరిగి తన చోటికి చేరినది. డిక్కీ ప్రక్కగోడన స్విచ్చి, దానిపై ఎర్రబొత్తాము. ఆయన దానిని నాకు చూపకముందే ఇంటివారందరికిని చూపియుంచినాడు. ఆయన కుమార్తె, పదునాలుగేండ్ల పిల్ల, నాకు పాఠము అప్పగించినది: “బొత్తాము లేచియున్నచో వెంటనే నొక్కరాదండి. ముందు తాళము తీసివేసి, బండి క్రింద చూడవలెను, వాసన చూడవలెను. తడిగాని, వాసనగాని ఉన్నచో అందరిని దూరముగా పంపవలెను. ఏమియు లేదని తెలిసినతరువాతనే నొక్కవలెను.” తండ్రి స్విచ్చిని విప్పి అరచేతికి కొట్టినాడు. వెనుకసీటు క్రింది తుమ్మెద మ్రోత ఠక్కున ఆగినది.